పండగ సినిమాకి వంకలు పెట్టొచ్చా?

ప్రశ్న (2024 డిసెంబర్): మేం డాలస్ దగ్గర ఉంటాం. థ్యాంక్స్‌గివింగ్‌కి ఆస్టిన్ నుంచి మా వదినవాళ్లు వచ్చారు. శుక్రవారం చిన్నా పెద్దా కలిసి తొమ్మిదిమందిమి డిస్నీ బొమ్మల సినిమా 'మోవానా 2'కి వెళ్లాం. టికెట్లు, పాప్‌కార్న్ కలిపి రెండొందల డాలర్లు దాటింది. పిల్లలు ఎగిరి గంతులేశారు. మా అత్తయ్యగారికి అందులో కోడిపుంజు తెగ నచ్చేసింది. నాకు మాత్రం ఎందుకో చప్పగా అనిపించింది. మొదటి సినిమా పాటలు నాకిప్పటికీ నోటికొచ్చు, దీంట్లో ఒక్క పాటా గుర్తులేదు. ఆ రాత్రి ఫ్యామిలీ గ్రూపులో "సోసోగా ఉంది" అని పెట్టాను. వదిన "పండగపూట పిల్లల సినిమాకి కూడా వంకలేనా" అన్నారు. మా ఆయనేమో "త్యాగరాజ ఆరాధనకి వెళ్లినట్టు చూస్తే ఎలా" అని నవ్వారు. ఇప్పుడు అసలు టెన్షన్ ఏంటంటే, మా తెలుగు సంఘం సంక్రాంతి సంచికకి ఈ సినిమా మీద రెండు పేజీలు రాస్తానని ముందే ఒప్పుకున్నాను. పిల్లల సినిమాని పెద్దవాళ్లు దేన్ని బట్టి తూచాలి? బాగాలేదంటే పిల్లల సరదా చెడగొట్టినట్టా? పైగా క్రిస్మస్ సెలవులకి 'ముఫాసా' అంటున్నారు. మా అమ్మాయికి తొమ్మిదేళ్లు, బాబుకి ఐదు. వెళ్లమంటారా?

జవాబు: ముందు మీ వదినగారి సంగతి తేల్చేద్దాం. ఆవిడ అన్నదీ తప్పు కాదు, మీరు అన్నదీ తప్పు కాదు. ఆవిడ ఆ శుక్రవారానికి మార్కులేస్తున్నారు, మీరు సినిమాకి వేస్తున్నారు. తొమ్మిదిమంది ఒకే వరసలో కూర్చోవడం, బావామరదళ్లు పాప్‌కార్న్ డబ్బా లాక్కోవడం, అత్తయ్యగారు కోడిపుంజుని చూసి నవ్వడం, వీటి ఘనత సినిమాది కాదు. వండిపెట్టి, కార్లెక్కించి, టికెట్లు కొన్న మీది. తెరమీద ఏం జరిగిందో దానికి మాత్రమే సినిమా జవాబుదారీ. ఈ రెండు లెక్కలూ కలిసిపోవాలనే స్టూడియోలు పండగ ముందు సినిమా వదులుతాయి.

ఇదేం కొత్త ఎత్తు కాదు. డిస్నీవాళ్లు 'ద లిటిల్ మెర్మెయిడ్'ని 1989 నవంబర్ 17న తెచ్చారు. ఆ తర్వాత 'ఫ్రోజెన్' 2013 నవంబర్ 27న, మొదటి 'మోవానా' 2016 నవంబర్ 23న, 'ఎన్‌కాంటో' 2021 నవంబర్ 24న, 'విష్' 2023 నవంబర్ 22న వచ్చాయి. ఇప్పుడు 'మోవానా 2' 2024 నవంబర్ 27న. మనకి సంక్రాంతి ఎలాగో వాళ్లకి ఆ వారం అలాగ. పండక్కి ఇంటినిండా జనం ఉంటారు, మధ్యాహ్నం భోజనాలయ్యాక ఎక్కడికో ఒకచోటికి పోవాలి. సంక్రాంతికి యావరేజ్ టాక్ వచ్చిన సినిమా కూడా గట్టెక్కేస్తుందని మనకి తెలియంది కాదు. 'మోవానా 2' అమెరికాలో మొదటి ఐదు రోజుల్లోనే దాదాపు 22.5 కోట్ల డాలర్లు వసూలు చేసింది. అంతకుముందు ఏ సినిమాకీ థ్యాంక్స్‌గివింగ్ ఐదు రోజుల్లో అంత రాలేదు. అది చూసి "ఇంతమందికి నచ్చింది కదా, నాకే ఏదో లోపమేమో" అనుకోకండి. అదంతా సినిమా చూడకముందు కొన్న టికెట్ల లెక్క.

సమీక్షల్ని లెక్కగట్టే వెబ్‌సైట్ రాటెన్ టొమాటోస్ ఇచ్చే శాతం కూడా అంతే, చాలామంది దాన్ని పరీక్ష మార్కుల్లా చదువుతారు. ఈ సినిమాకి అరవై పైచిలుకు శాతం అంటే నూటికి అరవై మార్కులని కాదు. సమీక్షలు రాసిన ప్రతి వందమందిలో అరవై మందికి పైగా "చూడొచ్చు" వైపు మొగ్గారని అర్థం. అందరూ "ఫరవాలేదు" అన్న సినిమాకి నూరు శాతం రావచ్చు, సగంమంది నెత్తిన పెట్టుకుని సగంమంది తిట్టిన సినిమాకి యాభై రావచ్చు. ఇక సినిమాస్కోర్ అని మొదటిరోజు హాలు బయట ప్రేక్షకుల్ని అడిగి గ్రేడు ఇస్తారు. దీనికి 'A మైనస్' గ్రేడు వచ్చింది. వినడానికి గొప్పగానే ఉంటుంది, కానీ పిల్లల సినిమాలకి ఆ మెట్టు మామూలు. 'ఫ్రోజెన్'కి 'A ప్లస్', మొదటి 'మోవానా'కి 'A', 'ఎన్‌కాంటో'కీ 'A' వచ్చాయి. నిరుడు అంతగా ఆడని 'విష్'కి కూడా 'A మైనస్సే'. చంకలో నిద్రపోతున్న పిల్లాణ్ణి ఎత్తుకుని బయటికొచ్చే తండ్రిని ఎలా ఉందని అడిగితే బాగుందనే అంటాడు మరి.

పోనీ పిల్లల్నే కొలమానంగా పెట్టుకుందామా? "వాళ్లకోసం తీసిన సినిమా, వాళ్లు గంతులేశారు, ఇంకేం కావాలి" అంటారు. గంతులు నిజమే. అయితే హాల్లో పిల్లలు కదలడాన్ని బట్టి తీర్పు చెప్తే ఎంత ప్రమాదమో 'లిటిల్ మెర్మెయిడ్' పాట ఒకటి చెప్తుంది. సముద్రం అడుగున తన గుహలో కూర్చుని, మనుషుల లోకంలోకి పోవాలని జలకన్య ఏరియల్ పాడుకునే నెమ్మది పాట అది. సినిమా ఇంకా పూర్తికాకముందు పిల్లలకి వేసి చూపించారు. ఆ పాట దగ్గర పిల్లలు ఇటూఅటూ కదిలారు, ఒకడెవడో పాప్‌కార్న్ ఒలకబోసుకుని దాన్ని ఏరుకుంటూ కూర్చున్నాడట. స్టూడియో పెద్ద జెఫ్రీ కాట్జెన్‌బర్గ్ పాట తీసేద్దామన్నాడు. పాట రాసిన హోవార్డ్ ఆష్‌మన్ ససేమిరా అన్నాడు, బొమ్మలు గీసేవాళ్లూ ఆయన పక్షానే నిలబడ్డారు. ఆ ఘట్టానికి రంగులు పడి పని పూర్తయ్యాక మళ్లీ వేస్తే హాలు కదల్లేదు. ఈరోజు ఆ పాట లేకుండా ఆ సినిమాని ఊహించుకోలేం, ఎందుకంటే ఆ పిల్లకి ఏం కావాలో మనకి తెలిసేది అక్కడే. అది తెలియకపోతే, తర్వాత ఆ లోకం కోసం తన గొంతునే తాకట్టు పెడుతుంటే మనకేం పడుతుంది?

కాబట్టి మీ బాబు ఏ పాటకి కుర్చీ ఎక్కి ఎగిరాడో రాయండి, ముచ్చటగా ఉంటుంది. దాన్ని తీర్పుగా మాత్రం రాయకండి. ఐదేళ్లవాడు ప్రకటనకి కూడా ఎగురుతాడు.

మరి దేన్ని బట్టి తూచాలి? నా మటుకు మ్యూజికల్‌ని, అంటే పాటలతో కథ నడిపే సినిమాని, తూచేది ఒక్కటే: పాట మొదలయ్యేటప్పుడు కథ ఎక్కడుంది, పాట అయ్యేసరికి ఎక్కడికి చేరింది? ఈ సంగతి మనకి అమెరికావాళ్లు నేర్పక్కర్లేదు. పాట రాగానే లేచి క్యాంటీన్‌కి వెళ్లే అలవాటున్న జాతి మనది, ఏ పాటకి వెళ్లొచ్చో, ఏ పాటకి వెళ్తే కథ పోతుందో మన కాళ్లకే తెలుసు. 1957 నాటి 'మాయాబజార్'లో ఘటోత్కచుడు పెళ్లి విందు ముందు కూర్చునే ఘట్టం తీసుకోండి. పాట మొదలయ్యేటప్పుడు పళ్లేల నిండా వంటకాలున్నాయి. ఎస్వీ రంగారావు పాడుతూ తింటూ, తింటూ పాడుతూ కూర్చుంటే అవి ఒక్కొక్కటే ఖాళీ అవుతాయి. మగపెళ్లివారి కోసం వండిన విందు వాళ్లు చూడకముందే మాయమైపోయింది. ఆ పాట చూడకుండా బయటికెళ్లినవాడు తిరిగొచ్చి పక్కవాణ్ణి అడగాల్సిందే. అదీ పాట పని చెయ్యడమంటే.

ఇదే లెక్కన మొదటి 'మోవానా'ని చూడండి. మావుయి అనే అర్ధదేవుడు తన గొప్పలు చెప్పుకునే పాట ఉంది కదా, మీకు నోటికొచ్చే ఉంటుంది. పైకి చూస్తే వట్టి డాంబికం. ఒంటిమీద పచ్చబొట్లు ఆడుతుంటాయి, ఆకాశం ఎత్తానంటాడు, సూర్యుణ్ణి లాగానంటాడు. మనం నవ్వుతూ ఉంటాం, ద్వీపం నుంచి వచ్చిన పిల్ల మోవానా నోరు తెరుచుకుని చూస్తూ ఉంటుంది. పాట అయ్యేసరికి ఆ పిల్ల గుహలో బందీ, గుహకి అడ్డంగా బండరాయి, మావుయి ఆమె పడవవైపు నడుస్తున్నాడు. ఆమెని ఏమార్చడానికే అతగాడు పాడాడు! నవ్వించే పాటే మోసం కూడా. అంతకుముందు ఒడ్డున పాడే పాట సంగతీ అంతే. సముద్రంవైపు చూస్తూ మొదలుపెడుతుంది, పాట ముగిసేసరికి పడవ నీళ్లలో ఉంటుంది. తండ్రి వద్దన్నదాన్ని దాటేసింది. ఆ పాటలు రాసిన లిన్ మాన్యుయెల్ మిరాండా రంగస్థలం మీంచి వచ్చినవాడు, ఈ కిటుకు ఆయనకి చేతిలో పని.

రెండో భాగానికి ఆయన పాటలు రాయలేదు. అబిగెయిల్ బార్లో, ఎమిలీ బేర్ అనే ఇద్దరు రాశారు, మొదటి సినిమాకి పనిచేసిన ఒపెటాయియా ఫోఆయి, మార్క్ మాన్‌సినా ఇక్కడా ఉన్నారు. "మిరాండా లేడు కాబట్టి బాగాలేదు" అని చాలామంది ఒక్క ముక్కలో తేల్చేశారు. అది సోమరి మాట, మీరు రాయకండి. పాటని పాటగానే చూడండి. ద్వీపం వదిలి వెళ్తే తిరిగొస్తానో రానో అని మోవానా పాడే పాట ఉందే, అది తన పని తాను చేసింది. చిట్టిచెల్లెలు సిమియా ఉండగా ఎలా వెళ్లడమా అన్న తటపటాయింపుతో మొదలై, వెళ్లక తప్పదన్న నిశ్చయం దగ్గర ఆగుతుంది. మొదటి భాగంలో వెళ్లాలని ఉన్న పిల్ల, ఇక్కడ వెళ్లాలంటే గుబులుపడుతున్న పెద్దమనిషి. సినిమాలో నాకు బాగా నచ్చిన సంగతి ఇదే. ఇల్లు వదిలి దేశం దాటొచ్చిన మన పాఠకులకి దీని గురించి రెండు వాక్యాలు ఎక్కువే రాయొచ్చు.

తర్వాత జారింది. డీలాపడ్డ మోవానాకి మావుయి ధైర్యం చెప్పే హుషారు పాట ఉంది. మీ పిల్లలు బహుశా దీనికే ఎగిరి ఉంటారు. దాని తర్వాత ఆమె మనసు కుదుటపడుతుంది, బాగానే ఉంది, కానీ అది మాటల్లో రెండు నిమిషాల్లో అయిపోయే పని. పాట ఎత్తేసినా కథలో చిల్లు పడదు. దీనికి క్యాంటీన్‌కి వెళ్లొచ్చు. గబ్బిలాల మధ్య వేలాడుతూ మాతాంగి అనే మాయావి పాడే పాట ఇంకా విచిత్రం. చూడ్డానికి సినిమా మొత్తంలో అంత జిగేలుమన్న ఘట్టం లేదు, దారితప్పితేనే కొత్తదారి దొరుకుతుందన్న మాటా అందులోనే ఉంది. అయితే పాట అవ్వగానే ఆ మనిషి కథలోంచి మాయం. మళ్లీ కనిపించేది చివర్లో, పేర్లు పడే మధ్యలో. అసలు విలన్, 'నాలో' అనే పేరున్న తుఫాను దేవుడు, మొహం చూపించేదీ అప్పుడే. గంటా నలభై నిమిషాలు ఎవరితో పోట్లాడారో సినిమా అయ్యాక గానీ తెలియదు.

మీకు చప్పగా అనిపించింది ఇందుకేనని నా అనుమానం. దీని పుట్టుక తెలిస్తే మీకే అర్థమవుతుంది: ఇది మొదట డిస్నీ ప్లస్‌లో సిరీస్‌గా రావాల్సింది. 2024 ఫిబ్రవరిలో డిస్నీ అధిపతి బాబ్ ఐగర్ దీన్ని థియేటర్ సినిమాగా ప్రకటించాడు. సిరీస్‌కైతే ఒక ఎపిసోడ్‌లో మాతాంగి వస్తుంది, ఇంకో ఎపిసోడ్‌లో తిరిగొస్తుంది, విలన్ చివర్లో దిగుతాడు, ఏ ఇబ్బందీ లేదు. ఓడలో ఎక్కిన కొత్తవాళ్లు లోటో, మోనీ, కేలే ముగ్గురికీ తలో కథ దొరికేది. ఇక్కడ తలో రెండు జోకులు దొరికాయి. మీ అత్తయ్యగారికి వాళ్లెవరూ గుర్తుండకుండా కోడిపుంజు మాత్రం గుర్తుండిపోయిందంటే ఆవిడ చూపు సరిగ్గానే ఉంది. ఆ పుంజు, హేహే, ఎందుకున్నాడో మొదటినుంచీ స్పష్టం, ఏమీ తెలియకపోవడమే వాడి పని.

ఒక్కచోట మాత్రం మీతో ఒప్పుకోను. "ఒక్క పాటా గుర్తులేదు" అన్నారు. మొదటి సినిమా వచ్చి ఎనిమిదేళ్లు. మీ అమ్మాయిని డేకేర్‌కి దింపుతూ కార్లో ఎన్ని వందలసార్లు ఆ పాటలు విని ఉంటారు? వాటితో ఒక్కసారి విన్న పాటని పోలిస్తే ఏ పాటా నిలవదు. 'ఎన్‌కాంటో' సంగతి చూడండి. థ్యాంక్స్‌గివింగ్‌కి థియేటర్లలో ఓ మోస్తరుగా ఆడింది. డిసెంబర్ 24న డిస్నీ ప్లస్‌లోకి వచ్చాక ఇళ్లలో పిల్లలు మళ్లీ మళ్లీ పెట్టుకుని చూశారు, బ్రూనో మామయ్య మీద ఇంటిల్లిపాదీ గుసగుసలాడే పాట 2022 ఫిబ్రవరికి బిల్‌బోర్డ్ హాట్ 100లో మొదటి స్థానానికి పోయింది. ఆస్కార్ పోటీకి డిస్నీవాళ్లు పంపింది ఆ పాట కూడా కాదు, వేరే పాట. తీసినవాళ్లకే ముందు తెలియలేదు, మనమెంత?

అందుకని రాసేముందు ఒక పని చెయ్యండి. మీరు పెట్టకుండా, గుర్తుచెయ్యకుండా, మీ అమ్మాయి తనంతట తాను ఏ పాట కూనిరాగం తీస్తోందో వారం రోజులు గమనించండి. ఊరికే ట్యూన్ తీస్తోందా, మాటలతో పాడుతోందా? మాటలతో పాడుతుంటే "అది ఎప్పుడు పాడుతుంది, ఎందుకు పాడుతుంది" అని మామూలుగా అడగండి. తొమ్మిదేళ్ల పిల్ల ఆ సందర్భం గడగడా చెప్పేసిందంటే పాట కథలో నాటుకున్నట్టే, మీ అభిప్రాయం కొంచెం సవరించుకోవాల్సి రావచ్చు. "ఏమో, మధ్యలో వస్తుంది" అంటే మీరన్నదే నిజం. మీ పాప మీకంటే కఠినంగా మాట్లాడినా ఆశ్చర్యపోకండి. ఆ వయసు పిల్లలు రెండో భాగాలని అసలు క్షమించరు.

రాయడం దగ్గరికి వస్తే, "సోసో" అన్న మాట గ్రూపులో మంటపెట్టింది సినిమాని తిట్టినందుకు కాదు, కారణం చెప్పకుండా చప్పరించేసినందుకు. వదినగారికి అది సినిమా మీద కాకుండా ఆ సాయంత్రం మీద విసురులా వినిపించింది. తెలుగు సంఘం సంచిక చదివేదీ ఇలాంటి వదినలూ బావగార్లే. కాబట్టి నచ్చిన ఘట్టం ఒకటి ముందు వివరంగా రాయండి, అక్కచెల్లెళ్ల వీడ్కోలు మీకు నచ్చి ఉంటే అదే రాయండి. తర్వాత పని చెయ్యని పాట ఒకదాన్ని తీసుకుని ఎందుకు పని చెయ్యలేదో చూపించండి. ఆ రెండూ పక్కపక్కన పడితే మీరు వేరే తీర్పు చెప్పక్కర్లేదు. దయచేసి "పిల్లలకి నచ్చుతుంది, పెద్దలకి టైంపాస్" అని మాత్రం రాయకండి, ఆ ముక్క ఏ సినిమాకైనా అతుకుతుంది. "పిల్లలకి ఇది చాలు" అనడంలో పిల్లల్ని చిన్నచూపు చూడటం కూడా ఉంది, అది మీ వదినగారికి నెమ్మదిగా చెప్పొచ్చు. పండగ అయ్యాక, ఫోన్లో. గ్రూపులో వద్దు.

ఇక 'ముఫాసా'. డిసెంబర్ 20న వస్తోంది, బారీ జెంకిన్స్ దర్శకుడు, పాటలు మిరాండావి. మీ అమ్మాయిని నిశ్చింతగా తీసుకెళ్లండి. బాబు విషయంలో కాస్త ఆలోచించండి. 'లయన్ కింగ్'కి ముందుకథ ఇది, వరదలో కొట్టుకుపోయి తల్లిదండ్రులకి దూరమైన పిల్లసింహం ముఫాసాది, నిడివి రెండు గంటలకి రెండు నిమిషాలు తక్కువ. ట్రైలర్‌లో ఆ వరద ఉంది, ముందు అది చూపించి వాడి మొహం చూడండి. నాకున్న శంక వేరు. నిజం సింహాల్లా కనిపించేట్టు చేసిన బొమ్మలు నోరు తెరిచి పాడుతుంటే మొహంలో భావం పలకదు. 2019 'లయన్ కింగ్'లో వచ్చిన చిక్కే అది. దాంట్లో ఈ రాత్రి ప్రేమ తెలుస్తోందా అని పాడే పాటని పట్టపగలు ఎండలో తీశారు! గీసిన బొమ్మకి కళ్లు పెద్దవి చెయ్యొచ్చు, కనుబొమ్మ ఎగరెయ్యొచ్చు. నిజం సింహానికి అలా చేస్తే భయమేస్తుంది. ఈసారి ఆ చిక్కుని ఎలా దాటారో మీరే చూసి తేల్చాలి. పాటలు ముందే ఆన్‌లైన్లో వచ్చాయి కాబట్టి కార్లో ఒకసారి వినేయండి, అప్పుడు హాల్లో పాట కొత్తదా పాతదా అన్న గొడవ ఉండదు, అది కథలో ఏం చేస్తోందో చూడటానికి మీకు తీరిక దొరుకుతుంది.

ఈసారి తొమ్మిదిమందితో పోకండి. చాలా థియేటర్లలో మంగళవారం టికెట్ తగ్గుతుంది, పండగ రోజులకి వర్తిస్తుందో లేదో చూసుకుని డిసెంబర్ 31కి ప్రయత్నించండి, అది మంగళవారమే, పిల్లలకి బడి ఉండదు. ఇండియాలో మీ అమ్మానాన్నలుంటే వాళ్లనీ అక్కడ తెలుగులో చూడమనండి. ముఫాసాకి మహేశ్ బాబు, దానితో కలిసి పెరిగే సింహం టాకాకి సత్యదేవ్, నవ్వించే జంట పుంబా, టిమోన్‌లకి బ్రహ్మానందం, అలీ గొంతులిచ్చారు. మీ అమ్మాయి ఇంగ్లీషులో చూస్తుంది, తాతగారు తెలుగులో చూస్తారు. ఆదివారం వీడియో కాల్‌లో ఇద్దరికీ ఏ పాట దగ్గర ఏం జరిగిందో చెప్పుకోమనండి, మీరు పక్కన కూర్చుని రాసుకోండి. సంక్రాంతి సంచికకి రెండు పేజీలు సరిపోవని సంపాదకుణ్ణి మీరే అడుగుతారు.